తేలిక బుల్లెట్లు, నిలకడైన గురి: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈ సంచికకు ఎంచుకున్న ఉత్తరాలన్నీ ఒకే విషయం చుట్టూ తిరుగుతున్నాయి. పంటలను పాడుచేసే చిన్న జంతువుల వేటకూ, కాగితంపై గురి సాధనకూ వాడే తేలికపాటి వార్మింట్ బుల్లెట్లతో తూటాలను స్వయంగా నింపుకునేవారు, నిలకడగా ఒకేచోట తగిలే తూటాను ఎలా కనుక్కోవాలని అడుగుతున్నారు. ఈ పనికి అనుమతి ఉన్న చోట, ఆ అనుమతి పొందినవారిని ఉద్దేశించే ఈ జవాబులు రాస్తున్నాను. రైఫిళ్లూ కొలతల పట్టికలూ అంగుళాలు, గజాలు, గ్రెయిన్లలోనే ఉంటాయి కనుక నేనూ వాటినే వాడుతున్నాను. ఒక గ్రెయిన్ అంటే 0.0648 గ్రాము. తూటా అంటే ఇత్తడి కేసు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమర్, లోపల మందు (తుపాకి పొడి), కేసు మెడలో బుల్లెట్, ఇవన్నీ కలిసినది. కేసులో వేసే మందు కొలతనే పాళ్లు అంటున్నాను. మందు ఎన్ని గ్రెయిన్లు వేయాలో చెప్పమని చాలామంది కోరారు, కానీ ఆ అంకెను నేను ఇవ్వను. అది మీరు వాడే బుల్లెట్ తయారీదారో మందు తయారీదారో ప్రచురించిన తాజా పట్టిక నుంచి మాత్రమే రావాలి. ఒకరి రైఫిల్‌లో సురక్షితంగా పేలిన పాళ్లు మరొకరి ఛాంబర్‌లో (రైఫిల్‌లో తూటా కూర్చునే గదిలో) పీడనాన్ని హద్దు దాటించగలవు.

ప్రశ్న: నాది .223 రెమింగ్టన్ రైఫిల్. బారెల్ మెలిక ఎనిమిది అంగుళాలకు ఒక చుట్టు. 69 గ్రెయిన్ల బుల్లెట్లు వంద గజాల దగ్గర చక్కటి గ్రూపు (కాగితంపై రంధ్రాల గుంపు) ఇస్తున్నాయి. 40 గ్రెయిన్ల ప్లాస్టిక్ మొన బుల్లెట్లు మాత్రం చెల్లాచెదురుగా పడుతున్నాయి. మందు పాళ్లు ఎంత మార్చినా ఫలితం లేదు. లోపం ఎక్కడుంది?

మందు పాళ్లను కాసేపు పక్కన పెట్టి బారెల్‌కూ బుల్లెట్‌కూ ఉన్న పొత్తును ముందు చూడండి. మెలిక అంటే బారెల్ లోపలి గోడపై మెలితిరిగి ఉండి బుల్లెట్‌ను తిప్పే గట్లు (రైఫ్లింగ్) ఒక పూర్తి చుట్టు తిరగడానికి పట్టే పొడవు. బుల్లెట్ గాలిలో బోల్తా పడకుండా నిలబడటానికి ఎంత తిరుగుడు కావాలన్నది ముఖ్యంగా దాని పొడవును బట్టి ఉంటుంది. బరువు పెరిగితే పొడవూ పెరుగుతుంది కనుక మనం బరువును బట్టి మాట్లాడుకోవడం అలవాటైంది, అంతే. ఆల్ఫ్రెడ్ జార్జ్ గ్రీన్‌హిల్ 1879లో ఇచ్చిన సూత్రం ఇప్పటికీ తొలి అంచనాకు పనికొస్తుంది. బుల్లెట్ వ్యాసాన్ని దానితోనే గుణించి, దాన్ని 150తో గుణించి, వచ్చినదాన్ని బుల్లెట్ పొడవుతో భాగిస్తే, ఎన్ని అంగుళాలకు ఒక చుట్టు సరిపోతుందో తెలుస్తుంది. వ్యాసం 0.224 అంగుళం, పొడవు 0.65 అంగుళం ఉన్న చిన్న బుల్లెట్‌కు ఇది దాదాపు పదకొండున్నర అంగుళాలని చెబుతుంది. వేగం సెకనుకు 2,800 అడుగులు దాటినప్పుడు 150 స్థానంలో 180 వాడే ఆనవాయితీ ఉంది. అలా లెక్కిస్తే అదే బుల్లెట్‌కు సుమారు పద్నాలుగు అంగుళాలకు ఒక చుట్టు చాలు.

రెమింగ్టన్ సంస్థలో పనిచేసిన మైక్ వాకర్ రూపొందించి 1950లో వెలువడిన .222 రెమింగ్టన్‌కు పద్నాలుగు అంగుళాల మెలిక ఆనవాయితీగా వచ్చింది కూడా ఇందుకే. చిన్న బుల్లెట్ల కోసమే పుట్టిన ఆ తూటా, బల్లపై రైఫిల్‌ను ఆనించి గురి చూసే బెంచ్‌రెస్ట్ పోటీలను చాలా ఏళ్లపాటు ఏలింది. తర్వాత సైనిక అవసరాలు పొడవైన బుల్లెట్లను తెచ్చాయి. అమెరికా సైన్యపు ఎం16 రైఫిల్ మెలిక పన్నెండు అంగుళాల నుంచి ఎం16ఏ2 నాటికి ఏడు అంగుళాలకు బిగిసింది. నేడు అమ్ముడయ్యే .223 రైఫిళ్లలో ఏడు, ఎనిమిది, తొమ్మిది అంగుళాల మెలికలు సర్వసాధారణం. మీ బారెల్ పొడవైన బుల్లెట్లను దృష్టిలో పెట్టుకుని చేసినదన్నమాట.

అయితే ఎక్కువ తిరిగితే నష్టమేమిటన్న సందేహం రావచ్చు. ఏ బుల్లెట్ గరిమనాభీ దాని నడిమి అక్షంపై అచ్చంగా ఉండదు. రాగి తొడుగు ఒక పక్క వెంట్రుకవాసి మందంగా ఉన్నా నాభి పక్కకు జరుగుతుంది. బారెల్ లోపల ఉన్నంతసేపూ బుల్లెట్ తన ఆకార అక్షం చుట్టూ తిరగక తప్పదు. బయటపడగానే గరిమనాభి చుట్టూ తిరగడం మొదలవుతుంది, ఆ క్షణంలో నాభికి ఉన్న అడ్డవేగం బుల్లెట్‌ను పక్కకు నెడుతుంది. సెకనుకు 3,600 అడుగుల వేగంతో వెళ్లే బుల్లెట్ ఎనిమిది అంగుళాల మెలికలో సెకనుకు 5,400 చుట్లు, అంటే నిమిషానికి 3,24,000 చుట్లు తిరుగుతుంది. నాభి అంగుళంలో పదివేల వంతుల్లో రెండు వంతులు, అంటే ఐదు మైక్రాన్లు జరిగి ఉందనుకుందాం. అప్పుడు అడ్డవేగం సెకనుకు దాదాపు ఏడు అంగుళాలు అవుతుంది. వంద గజాలు దాటడానికి సెకనులో వందో వంతులు తొమ్మిది పడుతుంది కనుక, లక్ష్యం దగ్గర ఆ బుల్లెట్ నడిబిందువు నుంచి సుమారు 0.6 అంగుళం దూరంగా పడుతుంది. ఇదే బుల్లెట్‌ను పద్నాలుగు అంగుళాల మెలికలో పేలిస్తే ఆ దూరం 0.35 అంగుళానికి తగ్గుతుంది. బుల్లెట్ అదే, వేగమూ అదే. మెలిక మారడంతో చెదురు మారింది.

దీన్నిబట్టి మీ బారెల్ తేలిక బుల్లెట్లకు పనికిరాదని నేను అనను. సమతూకం బాగా కుదిరిన బుల్లెట్‌ను బిగువైన మెలిక ఏమీ చేయదు. దాని ముందు సాదాసీదా బుల్లెట్ లోపం మాత్రం దాగదు. కాబట్టి పోటీల కోసం శ్రద్ధగా తయారయ్యే 50 నుంచి 53 గ్రెయిన్ల బల్లపరుపు అడుగు బుల్లెట్‌ను ఒక పెట్టె తెచ్చి, అవే షరతుల్లో పేల్చి చూడండి. దానితో గ్రూపు బిగిస్తే మీకు జవాబు దొరికినట్టే. అప్పుడు 40 గ్రెయిన్లలో వేరే తయారీని వెతకవచ్చు, లేదా ఆ బరువు దగ్గరే ఆగిపోవచ్చు.

మరో రెండు విషయాలు కూడా సరిచూసుకోవాలి. వార్మింట్ బుల్లెట్లలో కొన్నింటికి తొడుగు బాగా పలుచగా ఉంటుంది, తాకగానే చితికిపోవాలన్నదే దాని ఉద్దేశం. అలాంటి బుల్లెట్‌ను బిగువైన మెలికలో గరిష్ఠ వేగంతో పంపితే తిరుగుడు బలానికి అది గాలిలోనే విచ్చిపోవచ్చు. లక్ష్యపు కాగితంపై రంధ్రాల చుట్టూ బూడిదరంగు చారలు కనిపించినా, పేల్చిన తూటాలకు కాగితంపై రంధ్రాల లెక్క సరిపోకపోయినా అనుమానించవలసింది దీనినే. తయారీదారు ఆ బుల్లెట్‌కు గరిష్ఠ వేగం ఏదైనా నిర్దేశించి ఉంటే దాన్ని పాటించండి. ఇక రెండోది, మీ రైఫిల్ ఛాంబర్ 5.56 నాటో అనే సైనిక తూటా కొలతలతో ఉంటే, రైఫ్లింగ్ మొదలయ్యేలోపు ఉండే థ్రోట్ భాగం .223 కంటే పొడవుగా ఉంటుంది. పొట్టి బుల్లెట్ అక్కడ ఆధారం లేకుండా కొంతదూరం వెళ్లాలి. ఆ దూరం గురించి కింద మరో ప్రశ్నలో వివరంగా రాశాను.

ప్రశ్న: ఒక పాళ్లతో నింపిన తూటాలు మూడు పేలిస్తే వంద గజాల దగ్గర 0.4 అంగుళం గ్రూపు వచ్చింది. ఎంతో సంతోషించాను. మరుసటి వారం అవే తూటాలు 1.1 అంగుళం ఇచ్చాయి. నింపడంలో తేడా వచ్చిందా? నాలో తేడా వచ్చిందా?

బహుశా రెండూ మారి ఉండవు. మూడు తూటాల గ్రూపు స్వభావమే అంత. ఈ ఒక్క సంగతి చాలామంది సాధకుల కాలాన్నీ మందునూ బారెల్ ఆయుష్షునూ మింగేస్తోంది, అందుకే కాస్త ఓపికగా వివరిస్తాను.

మీ రైఫిల్, మీ తూటా, మీ చేయి కలిసి వంద గజాల దగ్గర అడ్డంగానూ నిలువుగానూ 0.3 అంగుళం ప్రామాణిక విచలనంతో బుల్లెట్లను చెదరగొడుతున్నాయనుకుందాం. ఆ చెదురు ఎన్నటికీ మారదనే అనుకుందాం. అయినా మూడేసి తూటాల గ్రూపులు అనేకం పేల్చి, ఒక్కోదానిలో అతి దూరపు రెండు రంధ్రాల మధ్య కొలిస్తే సగటు సుమారు 0.72 అంగుళం వస్తుంది. ఐదేసి తూటాలైతే 0.92, పదేసి అయితే 1.14, ఇరవైయేసి అయితే 1.34 అంగుళం వస్తుంది. తూటాల సంఖ్య పెరిగేకొద్దీ గ్రూపు పెద్దదవుతుంది, కానీ రైఫిల్ చెడిపోయినట్టు కాదు. అంతేకాక ఇవన్నీ సగటులు. ఒక్కొక్క మూడు తూటాల గ్రూపు ఈ సగటుకు సగంగానూ రావచ్చు, ఒకటిన్నర రెట్లుగానూ రావచ్చు. మీ 0.4, మీ 1.1 రెండూ ఒకే తూటా నుంచి ఏ మార్పూ లేకుండా పుట్టగలవు.

పది రకాల పాళ్లు నింపి, ఒక్కోదానితో ఒక్కో మూడు తూటాల గ్రూపు పేల్చి, అన్నిటికన్నా చిన్నదాన్ని ఎన్నుకునే పద్ధతి ఎందుకు మోసం చేస్తుందో ఇప్పుడు తెలుస్తుంది. పదిమంది ఒక్కొక్కరు నాణేన్ని మూడేసిసార్లు ఎగరేస్తే, కనీసం ఒకరికి మూడుసార్లూ బొమ్మే పడే అవకాశం నూటికి డెబ్బైకి పైనే ఉంటుంది. ఆ ఒకరికి బొమ్మ వేసే నేర్పు ఉందని ఎవరూ నమ్మరు. పది పాళ్లూ నిజానికి ఒకే తీరుగా పనిచేస్తున్నా, వాటిలో ఒకటి అద్భుతంగా కనిపించి తీరుతుంది. మనం దాన్ని పట్టుకుని వంద తూటాలు నింపుకుంటాం, పొలానికి వెళ్లేసరికి ఆ అద్భుతం ఉండదు.

ఇందుకు బదులుగా నేను చేయమనేది ఇది. పట్టికలోని హద్దుల లోపల రెండో మూడో పాళ్లను మాత్రమే ఎంచుకోండి. ఒక్కోదానికి కనీసం ఇరవై తూటాలు నింపండి. వాటిని ఒకేసారి వరుసగా పేల్చక, మొదటి రకం ఐదు, రెండో రకం ఐదు, మళ్లీ మొదటి రకం ఐదు అన్నట్టు మార్చి మార్చి పేల్చండి. అలా చేస్తే బారెల్ మురికిపట్టడం, గాలి మారడం, మీ కళ్లు అలసిపోవడం అన్ని రకాల మీదా సమానంగా పడతాయి. ఐదేసి తూటాల మధ్య బారెల్ చల్లబడనివ్వాలి. సన్నని బారెల్ వేడెక్కితే తగిలే చోటు జరుగుతుంది, ఆ జరుగుడు తూటా ఖాతాలో పడకూడదు. కాగితాలను ఒకే గురిబిందువు ఆధారంగా ఒకదానిపై ఒకటి పెట్టి ఇరవై రంధ్రాలనూ ఒకే బొమ్మగా చూడండి. అతి దూరపు రెండు రంధ్రాలను మాత్రమే కొలిస్తే మిగిలిన పద్దెనిమిది రంధ్రాలు చెప్పేది వృథా అవుతుంది. నడిబిందువు కనుక్కుని, దాని నుంచి ఒక్కో రంధ్రం దూరాన్ని కొలిచి సగటు తీస్తే అన్ని తూటాలకూ సాక్ష్యం చెప్పే అవకాశం దొరుకుతుంది. పది తూటాలతో తేల్చిన చెదురులో ఆరో వంతు వరకూ ఊగిసలాట మామూలే. ఇరవై తూటాలతో అది సుమారు తొమ్మిదో వంతుకు దిగుతుంది. కాబట్టి ఇరవైతో చూసినా రెండు పాళ్ల మధ్య పదిశాతం తేడా కనిపిస్తే, అవి రెండూ సమానమేననుకుని మందు సాఫీగా కొలవబడేదాన్ని ఎన్నుకోండి.

దూరంగా పడ్డ ఒక గుండును "అది నా తప్పు" అని లెక్కలోంచి తీసేయడం కూడా ఇలాంటిదే. ట్రిగ్గర్ నొక్కిన క్షణంలోనే, రంధ్రాన్ని చూడకముందే తప్పు జరిగిందని ప్రకటించి ఉంటే తీసేయవచ్చు. రంధ్రాన్ని చూశాక గుర్తొచ్చిన తప్పును లెక్కలోంచి తీయకూడదు.

ఇదే పాఠకుడు బుల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్ గురించీ అడిగారు. పాళ్లను కొద్దికొద్దిగా పెంచుతూ, వేగం పెరగకుండా నిలిచిన చోటును మంచి స్థానంగా భావించే పద్ధతి ప్రచారంలో ఉంది. ఒక్కో పాళ్లకు ఒకటి రెండు తూటాలే పేలిస్తే అలాంటి సమతల స్థానాలు యాదృచ్ఛికంగానే కనిపిస్తాయి, మళ్లీ పేలిస్తే మాయమవుతాయి. పైగా తక్కువ దూరంలో వేగపు తేడా గురిని చెడగొట్టేది చాలా కొద్దిగా. సెకనుకు 3,800 అడుగుల బుల్లెట్ వేగం 50 అడుగులు తగ్గితే వంద గజాల దగ్గర అది కిందికి దిగేది అంగుళంలో వందో వంతులు నాలుగు మాత్రమే. రెండు వందల గజాల దగ్గర కూడా ఆ దిగుడు 0.2 అంగుళానికి లోపే. క్రోనోగ్రాఫ్ అసలు విలువ భద్రతలో ఉంది. అదే పొడవు బారెల్‌తో పట్టికలో చెప్పిన గరిష్ఠ వేగాన్ని మీ తూటా దాటుతోందంటే, ఎక్కడో పీడనం కూడా దాటుతోందని అర్థం.

ప్రశ్న: తేలిక బుల్లెట్లకు ఎలాంటి మందు నప్పుతుంది? గరిష్ఠ పాళ్ల దగ్గరే గురి బాగుంటుందని విన్నాను.

ఒకే కేసులో బుల్లెట్ తేలికయ్యేకొద్దీ కొంత వేగంగా మండే మందు అవసరమవుతుంది. తేలిక బుల్లెట్ త్వరగా కదులుతుంది, దాని వెనుక ఖాళీ త్వరగా పెరుగుతుంది. నెమ్మదిగా మండే మందు ఆ ఖాళీని నింపేంత వాయువును సమయానికి ఇవ్వలేదు. అప్పుడు మందు పూర్తిగా కాలక గింజలు బారెల్‌లో మిగలడం, వేగం తూటాకు తూటాకు మారడం చూస్తాం. పట్టికలో మీ కేసుకూ మీ బుల్లెట్‌కూ ఇచ్చిన మందుల్లో, కేసును దాదాపు నింపేవాటిని ముందు చూడండి. ఇందులో భద్రత కూడా ఉంది, పొరపాటున రెండుసార్లు పోసినా మందు పొంగిపొర్లి కంటపడుతుంది. కేసులో సగమే నిండే మందు అయితే ఆ పొరపాటు కనబడకుండా దాక్కోగలదు.

.22 హార్నెట్ వంటి చిన్న కేసుల్లో గింజ పరిమాణం కూడా లెక్కకు వస్తుంది. పది గ్రెయిన్ల పాళ్లలో 0.1 గ్రెయిన్ తేడా అంటే ఒక శాతం. ఇరవై ఐదు గ్రెయిన్ల పాళ్లలో అదే తేడా 0.4 శాతం. అందుచేత చిన్న కేసులకు సన్న గింజలదో గుండ్రని గింజలదో మందు వాడితే కొలమాన యంత్రం నుంచి సమానంగా జారుతుంది. లేదంటే ప్రతి పాళ్లనూ త్రాసులో తూచుకోవాలి. ఎండలో ఉంచిన తూటా నీడలోని తూటా కంటే ఎక్కువ పీడనం ఇవ్వగలదు. అన్ని మందులూ ఈ విషయంలో ఒకేలా ఉండవు కనుక చల్లటి ఉదయం గరిష్ఠం దగ్గర సరిపోయిందని తేల్చిన పాళ్లను మండుటెండలో పేల్చవద్దు.

గరిష్ఠం దగ్గరే గురి ఉంటుందన్నది నియమం కాదు. చాలా బారెళ్లు పట్టికలోని మధ్య భాగంలోనూ అంతే బాగా కొడతాయి. .223కు అమెరికా తయారీదారుల ప్రమాణాల సంస్థ సామి నిర్ణయించిన గరిష్ఠ సగటు పీడనం చదరపు అంగుళానికి 55,000 పౌండ్లు. బోల్టు బిగుసుకోవడం, కేసు అడుగున ఎజెక్టర్ (పేలిన కేసును బయటికి తోసే భాగం) ముద్ర పడటం, ప్రైమర్ గుంత వదులుకావడం వంటి గుర్తులు కంటపడేసరికి ఆ హద్దు చాలాసార్లు దాటిపోయి ఉంటుంది. కాబట్టి ఆ గుర్తుల కోసం ఎదురుచూస్తూ పాళ్లు పెంచడం తప్పు. పట్టికలోని ప్రారంభ పాళ్లతో మొదలుపెట్టి మెల్లగా పైకి వెళ్లండి. బుల్లెట్, కేసు, ప్రైమర్, మందు డబ్బా బ్యాచ్, వీటిలో ఏది మారినా మళ్లీ కింది నుంచే రావాలి. సైనిక ఇత్తడి కేసుల గోడలు మందంగా ఉంటే లోపలి చోటు తగ్గి అవే పాళ్లకు పీడనం పెరుగుతుంది. ప్రారంభ పాళ్ల కంటే కిందికి వెళ్లడం కూడా క్షేమం కాదు, నెమ్మదిగా మండే మందు కొద్దిగానే ఉన్న కేసులో మంట తీరు ఊహించలేనిదిగా మారవచ్చు.

ప్రశ్న: బుల్లెట్‌ను రైఫ్లింగ్ గట్లకు దాదాపు తాకేలా కూర్చోబెడితేనే గురి కుదురుతుందని చెబుతారు. నా రైఫిల్‌లో 40 గ్రెయిన్ల బుల్లెట్‌ను అంత ముందుకు తెస్తే అది కేసు మెడలోంచి ఊడిపోతోంది. ఏం చేయాలి?

ఆ ప్రయత్నం మానుకోండి. గట్లకు చేరువగా ఉండటం కంటే కేసు మెడ బుల్లెట్‌ను గట్టిగా, సూటిగా పట్టుకోవడం ముఖ్యం. బుల్లెట్ వ్యాసమంత పొడవైనా, అంటే .22 తరగతిలో సుమారు 0.22 అంగుళం, మెడలో ఉండాలన్నది మంచి కొలమానం. పడవ తోక ఉన్న, అంటే వెనుక భాగం సన్నబడే బుల్లెట్‌కు ఏటవాలు భాగం ఆ లెక్కలోకి రాదు. తేలిక బుల్లెట్లలో బల్లపరుపు అడుగువాటిని నేను ఇష్టపడేది కూడా అందుకే, ఉన్న కొద్దిపాటి పొడవంతా మెడకూ రైఫ్లింగ్‌కూ దక్కుతుంది. పడవ తోక వల్ల కలిగే లాభం దూరం పెరిగేకొద్దీ తెలుస్తుంది, రెండు వందల గజాల లోపు దాని కోసం పట్టు పోగొట్టుకోనక్కరలేదు.

గట్ల నుంచి ఎంతో దూరంలో కూర్చున్నా చక్కగా కొట్టే తేలిక బుల్లెట్లు ఉన్నాయి. పట్టికలో ఆ బుల్లెట్‌కు ఇచ్చిన మొత్తం పొడవుతో మొదలుపెట్టండి, పత్రికలో చదివిన మరెవరి కొలతతోనూ కాదు. ఆ పైన లోతును 0.02 అంగుళం చొప్పున రెండు మూడు స్థానాల్లో మార్చి, పైన చెప్పినట్టు తగినన్ని తూటాలతో పోల్చండి. కొలవడం మాత్రం మొన నుంచి వద్దు. ప్లాస్టిక్ మొనల పొడవు ఒకదానికొకటి కొద్దిగా మారుతుంది. ఓజైవ్ (బుల్లెట్ ముందరి వంపు) మీద రైఫ్లింగ్ తాకే చోటు నుంచి కొలిచే కంపేరేటర్ వాడితే, బుల్లెట్‌ను కేసులో కూర్చోబెట్టే డై అమరిక ఎంత నిలకడగా ఉందో నిజంగా తెలుస్తుంది. లోతు పెంచితే కేసులో చోటు తగ్గుతుంది, గట్లకు ఆనిస్తే పీడనం ఎగబాకుతుంది. రెండు సందర్భాల్లోనూ పాళ్లు తగ్గించి మళ్లీ మొదలుపెట్టాలి.

ప్రశ్న: కేసులనూ బుల్లెట్లనూ తూచి వేరుచేయడం వల్ల ప్రయోజనం ఉందా?

వంద, రెండు వందల గజాల పనికి చాలా తక్కువ. ఒకే తయారీ, ఒకే బ్యాచ్ కేసులు వాడండి, అన్నీ ఒకే పొడవుకు కత్తిరించండి, అన్నీ ఒకే లెక్కన పేలి ఉండేలా చూసుకోండి. మెడలు కొన్ని గట్టిగా, కొన్ని వదులుగా పట్టుకుంటుంటే ఆ తేడాను సరిచేయడం తూకాల కంటే ఎక్కువ ఫలం ఇస్తుంది. మిగిలే సమయాన్ని గాలి చదవడం నేర్చుకోవడానికి వాడండి.

ప్రశ్న: వంద గజాల దగ్గర ముప్పావు అంగుళం గ్రూపు కొట్టే నా .22-250 రైఫిల్, పొలంలో రెండు వందల గజాల దగ్గర మూడు నాలుగు అంగుళాలు పక్కకు పోతోంది. తూటా మార్చాలా?

అది చాలావరకు గాలి పని. గాలి బుల్లెట్‌ను ఎంత నెడుతుందో లెక్కించడానికి ఒక సులువైన సూత్రం ఉంది. బుల్లెట్ లక్ష్యాన్ని చేరడానికి నిజంగా పట్టిన సమయంలోంచి, గాలి నిరోధం లేకపోతే పట్టే సమయాన్ని తీసివేసి, ఆ ఆలస్యాన్ని అడ్డగాలి వేగంతో గుణించాలి. సెకనుకు 4,150 అడుగులతో బయలుదేరిన 40 గ్రెయిన్ల బుల్లెట్ రెండు వందల గజాలను సుమారు 0.169 సెకనులో దాటుతుంది. నిరోధం లేకుంటే 0.145 సెకను చాలు. ఈ ఆలస్యం 0.024 సెకనే అయినా, గంటకు పది మైళ్ల, అంటే పదహారు కిలోమీటర్ల అడ్డగాలిలో అది బుల్లెట్‌ను నాలుగు అంగుళాలకు పైగా పక్కకు తోస్తుంది. అది ముఖానికి తెలిసే, ఆకులనూ సన్న రెమ్మలనూ కదిలించే గాలే. పేల్చేటప్పుడు దాన్ని మనం తరచుగా లెక్కలోకి తీసుకోం.

ఇక్కడ నిర్ణయించేది ఆలస్యం, వేగం ఒక్కటే కాదు. సెకనుకు 4,000 అడుగుల వేగం దాటే 40 గ్రెయిన్ల బుల్లెట్ కంటే, సన్నగా సాగి గాలి నిరోధాన్ని తక్కువగా ఎదుర్కొనే 50 లేదా 55 గ్రెయిన్ల బుల్లెట్ నెమ్మదిగా బయలుదేరినా ఆ దూరంలో తక్కువగా జరగవచ్చు. మీ బారెల్ మెలిక దాన్ని నిలబెట్టగలదో లేదో ముందు చూసుకోండి. .22-250 రైఫిళ్లలో పద్నాలుగు అంగుళాల మెలిక ఆనవాయితీగా వస్తోంది, అందులో పొడవైన బుల్లెట్లు నిలవవు. నేను మీ స్థానంలో ఉంటే తూటాను అలాగే ఉంచి, గురి స్థలం పొడవునా కొన్ని రిబ్బన్లు కట్టి, అవి ఒకేలా ఊగుతున్నప్పుడు మాత్రమే పేల్చి చూసేవాడిని. గ్రూపు మళ్లీ బిగిస్తే తూటా నిర్దోషి.

ప్రశ్న: సీసం లేని రాగి బుల్లెట్లకు మారాలనుకుంటున్నాను. 36 గ్రెయిన్లదైతే తేలిక కనుక నా పన్నెండు అంగుళాల మెలికకు ఇబ్బంది ఉండదు కదా?

బరువు చూసి ధైర్యం తెచ్చుకోవద్దు, పొడవు చూడండి. రాగి సాంద్రత ఘన సెంటీమీటరుకు 8.96 గ్రాములు, సీసానిది 11.34. అదే వ్యాసంలో అదే బరువు కావాలంటే రాగి బుల్లెట్ పొడవుగా ఉండక తప్పదు. మొనలో ప్లాస్టిక్, లోపల గుంత ఉంటే ఇంకా సాగుతుంది. తయారీదారు ఆ బుల్లెట్‌కు ఏ మెలిక కావాలన్నాడో చూసి, పొడవును మీరే కాలిపర్‌తో కొలిచి పైన చెప్పిన సూత్రంతో సరిపోల్చండి. కాగితంపై రంధ్రాలు గుండ్రంగా కాక కోలగా, తాళంచెవి రంధ్రంలా పడితే బుల్లెట్ నిలబడటం లేదనే అర్థం. అప్పుడు పాళ్లు మార్చడం వృథా, ఇంకా పొట్టి బుల్లెట్‌కు వెళ్లాలి. సీసం బుల్లెట్ పట్టికను రాగి బుల్లెట్‌కు ఏ పరిస్థితిలోనూ వాడవద్దు. రాగి బుల్లెట్ కేసులో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, గట్ల ఒత్తిడికి లొంగే తీరూ వేరు. ఆ బుల్లెట్ పేరుతోనే ప్రచురించిన పట్టిక దొరికేవరకూ పెట్టె తెరవకుండా ఉంచండి. సీసం బుల్లెట్ల నుంచి మారేముందు బారెల్‌లోని పాత మురికిని పూర్తిగా తీసేయండి. కొత్త బుల్లెట్‌తో కొన్ని తూటాలు పేలాకే కాగితంపై రంధ్రాలను లెక్కలోకి తీసుకోండి.